ఇదిరిస్ రికాబు

మార్చి 13

ఇనుము కోసే మర బల్ల మళ్ళీ పట్టేస్తోంది. చక్రం తిప్పుతుంటే కాసేపు మొండికేస్తుంది, ఆ తర్వాత ఒక్క గెంతు గెంతుతుంది. కింద కరకరమని చప్పుడు. రికాబుల కోసం, అంటే జీనుకు వేలాడే కాలి మెట్ల కోసం, కాల్చి కోసిన ఇనుప పలక మీది నల్లపెచ్చులు బల్ల కిందికి దిగి ఉంటాయి. ఒక్క పూట ఆపితే చాలు, బల్ల విప్పి, కిరసనాయిలుతో తుడిచి, నూనె పట్టించి ఇస్తానన్నాను.

"పండగలోపు రికాబులు అవ్వాలి. నా మేనల్లుడు పాత రికాబులతో గుర్రాల ఆటలోకి దిగాలా?" అన్నారు మా ఆయన.

"బల్ల గెంతితే కట్టర్ లోపలికి దిగిపోతుంది. గాడి మూలలో గాటు పడుతుంది."

"మీ నాన్న బడిపిల్లలకి చెప్పినట్టు నాకు చెప్పకు."

నాన్న బడిలో చేతిపనుల మాస్టారు. బడిలో ఆ గది మూసేసినప్పుడు ఈ మర పాత ఇనుములో పోకుండా ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. నాన్న తర్వాత నా దగ్గరికి వచ్చింది. కోసేది మా ఆయన, తుడిచేది, నూనె పోసేది నేను. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. ఈ చలికాలం మొదలయ్యాక బల్ల విప్పనివ్వడం లేదు.

తలుపు తగిలి పెదవి చిట్లింది. వాకిట్లో గాలి ఎక్కువగా ఉంది.

మార్చి 16

రికాబులు అయ్యాయి. పైకి మెరుస్తున్నాయి. సాయంత్రం ఇదిరిస్ వచ్చాడు. వదిన ఒక్కగానొక్క కొడుకు, కానీ వాడి బాల్యమంతా మా వాకిట్లోనే గడిచింది. మాకు పిల్లలు లేరు.

"అత్తా, నీ చేతులు ఇంకా నూనె వాసనేనా? ఇంతకీ మా మామని పెళ్ళి చేసుకున్నావా, ఈ మరనా?" అన్నాడు.

"మర అయితే చెప్పిన మాట వింటుందిరా," అన్నాను.

పడీపడీ నవ్వాడు. ఆయన కూడా నవ్వారు. ఇదిరిస్ రికాబులు తీసుకుని, మామ చేతిని రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. రికాబుకు తోలు పట్టీ దూరే గాడిని ఒకసారి చూడాలనుకున్నాను. అప్పటికే జీనుకు కట్టేసుకున్నాడు.

మార్చి 21

ఇదిరిస్ చచ్చిపోయాడు.

మార్చి 24

నిన్న పూడ్చిపెట్టారు. వదిన జూరాకాన్ చెంపలు రెండూ గోళ్ళతో చీరుకుంది. ఆడవాళ్ళమంతా గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాం. బయట ఆయన కర్ర మీద వంగి నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ వినపడేలా "నా కొండ కూలిపోయింది" అని అరుస్తూనే ఉన్నారు. గొంతు పోయింది.

రాయకుండా ఉండలేకపోతున్నాను, రాయలేకపోతున్నాను.

ఏటి అవతలి ఊరితో ఆట, గుర్రం మీదినుంచి వంగి మేక కళేబరాన్ని ఎత్తుకుపోయే ఆట. బురద. తలలేని మేక నేల మీద పడి ఉంది, దాని చుట్టూ గుర్రాలు ఒకదాన్నొకటి ఛాతీలతో కుమ్ముకుంటున్నాయి. కొరడాలు గుర్రాల మీద పడుతున్నాయో మనుషుల మీద పడుతున్నాయో తెలియడం లేదు. ఒకడి ముక్కు అప్పటికే పగిలింది, రక్తం ఉమ్ముకుంటూ ఆడుతున్నాడు. ఇదిరిస్ కుడివైపుకి వంగాడు. బరువంతా కుడి రికాబు మీద వేసి, చేత్తో మేక కాలు పట్టుకున్నాడు. పక్కనే అవతలి ఊరి తొలోగోన్. వాడి చెయ్యి ఇదిరిస్ నడుము దగ్గర ఉంది. అంతే, ఇదిరిస్ తలకిందులుగా గుర్రాల మధ్యకి జారిపోయాడు. గుర్రాలు ఆగవు. ఎక్కడ ఆగుతాయి? డొక్కలో తన్నిన డెక్కను నేను చూశాను. తల మీద పడినదాన్ని చూడలేదు. ఆ చప్పుడు మాత్రం విన్నాను.

అందరూ వాడి మీదికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. నా కాలికి బురదలో ఏదో తగిలింది. రికాబులో సగం. ఎందుకు తీసి దాచుకున్నానో నాకు తెలియదు.

మార్చి 25

దాన్ని కడిగాను. గాడి మూల దగ్గర తెగింది. గుర్రం తొక్కి ఉంటుంది. అన్ని గుర్రాలు తొక్కాక ఏది విరగదు?

గుర్రమే తొక్కింది.

మర దగ్గరికి వెళ్ళాను. ఆయన లేరు. పైన పేరుకున్న ఇనుప పొట్టును బ్రష్‌తో తోశాను. నాన్న గుడ్డతో తుడవనిచ్చేవాడు కాదు, పొట్టు గుడ్డలో గుచ్చుకుని బల్లను గీస్తుందని. బేరింగుల దగ్గరి గిన్నెల్లో నూనె నింపాను. గేర్ల పెట్టెలో మట్టం చూశాను, తక్కువగా ఉంటే పోశాను. బల్ల మాత్రం విప్పలేదు. విప్పితే కింద ఏముందో చూడాల్సి వస్తుంది.

మార్చి 28

ఏడో రోజు భోజనం. విందు కోసం ఆచారం ప్రకారం ఒక గుర్రాన్ని కోశారు. మగవాళ్ళ పంక్తిలో ఇదిరిస్‌తో ఆడినవాళ్ళంతా ఉన్నారు. నేను టీ పోస్తున్నాను.

"తొలోగోన్ లాగాడు. నడుము పట్టుకుని గుంజాడు," అన్నాడొకడు.

"అది అందరూ చూశారు. ఏమంటావు షబ్దాన్ అన్నా?"

"ఈ రెండు కళ్ళతో చూశాను," అన్నారు ఆయన. "చేపని గాలంతో లాగినట్టు లాగాడు కుక్కనాకొడుకు."

నా చేతిలో కెటిల్ ఒలికింది. ఆయన ఆ సమయంలో మైదానానికి అవతలి పక్కన ఉన్నారు. గుర్రాల వీపులు తప్ప అక్కడినుంచి ఏమీ కనపడదు. దుఃఖంలో మనిషి ఏదో ఒకటి చూశాననుకుంటాడు. ఆయన్ని తప్పు పట్టకూడదు.

మార్చి 29

పొద్దున్నే నలుగురు కలిసి ఏరు దాటి వెళ్ళారు. మధ్యాహ్నానికి వచ్చారు. ఆయన గొడ్డలి కడగమని నా ముందు పడేశారు. పిడి మీద వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. కపిల రంగు వెంట్రుకలు.

"ఎవరివి?" అన్నాను.

"వాడి గుర్రానివి. వెనక కాళ్ళ నరాలు తెగ్గొట్టాం. ముందు కాళ్ళ మీద లేస్తుంది, పడిపోతుంది. లేస్తుంది, పడిపోతుంది. వాడు వచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు, ఆడదానిలా."

గొడ్డలి కడిగాను. ఆయన మనసు వెన్న. దుఃఖం ఇలా చేయిస్తోంది. పెళ్ళైన కొత్తల్లో కాలు విరిగిన గొర్రెపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చిన మనిషి ఈయనే.

మార్చి 30

గాలి. మళ్ళీ తలుపు తగిలింది. చెవి దగ్గర.

ఏప్రిల్ 2

బల్ల విప్పాను.

ఆయన బజారుకు వెళ్ళారు. పక్కన బిగింపు పట్టీ స్క్రూలు వదులు చేసి, బల్లను నడిపే మరసీల చివర కట్టు తీసి, బల్లను మెల్లగా జార్చి కింద చెక్కల మీద పెట్టాను. నడుము విరిగినంత పని. కింద నూనె జాడే లేదు. ఎర్రటి పొడి, తుప్పు, నల్ల పెచ్చులు కలిసి పేస్టులా గట్టిపడ్డాయి. అంచుల్లో ధూళిని ఆపాల్సిన ఉన్ని పట్టీలు రాయిలా అయిపోయాయి. జారే దారుల మీద వేలు పెడితే గీతలు గోటికి తగులుతున్నాయి. ఇంత ఎండిపోయిన బల్ల గెంతక ఏం చేస్తుంది?

కిరసనాయిలుతో కడిగాను. చెక్కపుల్లతో మూలలు గీశాను. కొత్త ఉన్ని కత్తిరించి, నూనెలో నానబెట్టి పెట్టాను. పల్చటి నూనె పొర రాసి బల్ల ఎక్కించాను. గ్రీజు రాయలేదు, గ్రీజు పెడితే పొట్టంతా అందులో అంటుకుని ఇసుక కాగితంలా రాకుతుంది. పట్టీని కొంచెం కొంచెంగా బిగించాను. చక్రం తిప్పితే ఒక వేలితో జారింది. అప్పుడు అదే పలక ముక్క బిగించి, అదే గాడి కోసి చూశాను. మూల గుండ్రంగా, నున్నగా వచ్చింది.

దాని పక్కన ఇదిరిస్ రికాబు పెట్టి చూశాను. దాని మూలలో మెట్టులా ఒక గాటు. గాటు దగ్గర లోహం నల్లగా ఉంది. అది ముందే చిట్లింది. ఆటకు ముందు రోజుల్లో వాడు సాధన చేస్తుంటే కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. మిగతా భాగం తెల్లగా, గరుకుగా ఉంది. అది ఆ రోజు తెగింది.

గుర్రం తొక్కలేదు.

ఆయన వచ్చాక చెప్పాను. నేలకేసి చూస్తూ చెప్పాను. "తొలోగోన్ తప్పు కాదు. గాడి మూలలో తెగింది. నా దగ్గర సగం ముక్క ఉంది. వదినకు మనమే చెబుదాం. మీరు చెప్పండి, నేను పక్కన నిలబడతాను."

ఆయన ఒక్కటే అన్నాడు: "జీనుకున్న ముక్క నేను ఏట్లో పారేశాను. ఇది నీకెక్కడ దొరికింది?"

అంటే ఆ రోజే తెలుసు. ఆట తర్వాత ఇదిరిస్ గుర్రాన్ని కడగడానికి ఏటిదాకా నడిపించుకుని వెళ్ళినప్పుడే చూశాడు. గుడారం ముందు కర్ర మీద వంగి అరిచినప్పుడు తెలుసు. గొడ్డలి పట్టుకుని వెళ్ళినప్పుడు తెలుసు.

"ఎక్కడ దాచావు?"

నేను చెప్పలేదు.

షబ్దాన్ నన్ను కొట్టాడు. తలుపు కాదు. ఆ రోజు పెదవీ, ఆ రోజు చెవీ తలుపు కాదు. మొదట చేత్తో, తర్వాత మర చక్రం పిడి ఊడదీసి దాంతో. కింద పడ్డాక బూటుతో. నూనె డబ్బాలు తన్నేశాడు, సొరుగులన్నీ నేల మీద బోర్లించాడు. ఆ ముక్క నా గౌను లోపల నడుముకు కట్టి ఉంది. తన్నినప్పుడల్లా అది నాకే గుచ్చుకుంది. వాడికి తెలియలేదు.

ఏప్రిల్ 3

ఊపిరి పీలిస్తే డొక్కలో పొడుస్తోంది.

ఏప్రిల్ 4

షబ్దాన్ నూడిల్స్ తింటూ చెప్పాడు. వంతెన దగ్గర తొలోగోన్ దొరికాడట. మందుల కోసం బజారుకు వెళ్ళి వస్తున్నాడట, వాళ్ళమ్మకు దగ్గు. ఇద్దరు కాళ్ళు పట్టుకున్నారు, ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. కుడిచెయ్యి రాయి మీద చాపించారు.

"'ఇదేగా ఆ చెయ్యి?' అన్నాను. కాదన్నాడా? అనలేదు," అన్నాడు షబ్దాన్. "సుత్తితో నాలుగు వేశాను. ఇంకా వెయ్యి అన్నారు మనవాళ్ళు. నేనే ఆపాను. ఇంకొంచెం ఉల్లిపాయ వెయ్యి."

ఉల్లిపాయ వేశాను. నా చెయ్యి వణకలేదు. దానికే నాకు భయమేసింది.

ఏప్రిల్ 5

తలాస్ పట్నం ఆసుపత్రిలో తొలోగోన్‌కు రెండు వేళ్ళు తీసేశారట, కట్టు కట్టి ఇంటికి పంపారట. షబ్దాన్‌కు ఇంకా చాలలేదు. వాడు బతికి ఉన్నాడు, నోరుంది. రేపు వాళ్ళ ఇల్లు తగలబెడతారట. ఇల్లంటే వాడూ, ముసలి తల్లీ.

వదిన కూడా సరేనందట. "నా కడుపు కాలినట్టు ఆమె కడుపూ కాలనీ" అందట.

చెబితే షబ్దాన్ నన్ను చంపేస్తాడు. చంపకపోవచ్చు. చంపుతాడు.

ఏప్రిల్ 6

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాసుకుంటాను, రేపు ఎవరైనా వేరేగా చెబితే నేనే నమ్మేస్తానేమో.

వదిన గుడారంలో ఒంటరిగా కొడుకు బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని ముక్క తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఏంటిది?"

"ఇదిరిస్ కుడి రికాబు, వదినా. మైదానంలో దొరికింది." గాటు చూపించాను. నల్లటి చోటు, తెల్లటి చోటు చూపించాను. బల్ల ఎందుకు గెంతిందో చెప్పాను. తొలోగోన్ లాగనక్కర్లేదు, ఎవరూ లాగనక్కర్లేదు, వాడి బరువుకే అది తెగిందని చెప్పాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. నా కళ్ళలోకి చూసింది. చూసీ చూసీ దాంతోనే నా మొహం మీద కొట్టింది. కనుబొమ పగిలి రక్తం కంట్లోకి కారింది.

"నా పక్కన కూర్చుని ఏడ్చావు కదే! ఇన్నాళ్ళూ ఇది నడుముకు కట్టుకునే ఏడ్చావా?"

"అవును వదినా."

"నా బిడ్డ చావు మూట కట్టుకుని నాకు టీ పోశావా?"

"పోశాను."

మళ్ళీ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. "వాడికి తెలుసా? మా తమ్ముడికి?"

నేను తల ఊపాను. ఆమె లేచి, గోడకు వేలాడుతున్న కొడుకు కొరడా తీసుకుని బయటికి నడిచింది.

వాకిట్లో లారీ. పెట్రోలు డబ్బాలు ఎక్కిస్తున్నారు. వదిన ఆ ముక్కను షబ్దాన్ కాళ్ళ దగ్గర పడేసింది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, వెంటనే వేలెత్తి నన్ను చూపించాడు.

"అక్కా, మరకు నూనె పోసేది ఇదే! మా ఇంట్లో ఆ పని దీనిది. పొయ్యలేదు. కావాలనే పొయ్యలేదు. నీ కొడుకుని చంపింది ఈ గొడ్రాలు!"

మగవాళ్ళంతా నావైపు తిరిగారు. ఒకడు నా తలగుడ్డతోపాటు జుట్టు పట్టుకుని నేలకు వంచాడు. ఇంకొకడి చేతిలో సీసా పగిలిన చప్పుడైంది. ఇంక అయిపోయిందనుకున్నాను. ఇదిరిస్‌తో ఆడుకున్న పిల్లలే వీళ్ళంతా. వీళ్ళకు నేను రొట్టెలు పెట్టాను.

"వదలండి దాన్ని," అంది వదిన. పెద్దగా కూడా అనలేదు. "తమ్ముడూ. గుర్రం జీను విప్పింది ఎవరు?"

షబ్దాన్ కాళ్ళ దగ్గరి ముక్కను బూటుతో కప్పాడు.

"నువ్వే. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మేనమామని, నేనే కడుగుతానన్నావు. జీనుకున్న రెండో ముక్క ఏది?"

"పడిపోయి ఉంటుంది..."

"ఏది?"

"అక్కా, నేను కావాలని చెయ్యలేదు. వాడు నా..."

మొదటి దెబ్బకు చెవి నుంచి గడ్డం దాకా తెగింది. టోపీ ఎగిరిపోయింది. వదిన కొట్టింది. మెడ మీద, చేతుల మీద, మొహం మీద, ఆవుదూడను కూడా కసరని మనిషి, పళ్ళు బిగించి కొట్టింది. షబ్దాన్ చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. తప్పుకోలేదు. ఏడ్చాడు. నా జుట్టు పట్టుకున్నవాడు ఎప్పుడు వదిలేశాడో నాకు తెలియలేదు. ఎవరూ ఆమెను ఆపలేదు. చెయ్యి లేవనప్పుడు ఆమే ఆగింది.

ఒక్కొక్కడూ లారీ దిగి వెళ్ళిపోయాడు. డబ్బాలు వాకిట్లోనే ఉండిపోయాయి.

ఏప్రిల్ 7

వదినా నేనూ ఏరు దాటి వెళ్ళాం. ఆమె కొరడా తీసుకోలేదు, రొట్టె కూడా తీసుకోలేదు. "ఏ మొహంతో రొట్టె తీసుకెళ్తాం?" అంది.

గుమ్మంలో తొలోగోన్ తల్లి గడ్డి ఎత్తే ముళ్ళ పార పట్టుకుని నిలబడింది. దగ్గుతోంది. పార మొనలు మా ఛాతీలవైపే ఉన్నాయి.

"రండి. ఒక చెయ్యి తీసుకున్నారు. వాడికి రెండోది ఉంది. రండి, అదీ తీసుకెళ్ళండి!"

వదిన ఆ బురదలోనే కూర్చుండిపోయింది. "నా కొడుకును నీ కొడుకు చంపలేదు తల్లీ," అంది. "నా తమ్ముడు చేసిన ఇనుము చంపింది. నాకు తెలియక, తగలబెట్టమన్నాను. నీ చేతిలో పార ఉంది. పొడు."

ఆమె పొడవలేదు. పార పారేసి, తలుపు చట్రానికి తల కొట్టుకుంది. లోపలినుంచి "అమ్మా, రానివ్వు" అని గొంతు వినపడింది.

తొలోగోన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. మొహం నీలంగా ఉబ్బింది. చెయ్యి ఉన్నచోట పెద్ద తెల్లటి మూట. వదిన వాడి ఎదురుగా కూర్చుంది.

అడగకముందే వాడే చెప్పాడు. "నేను లాగలేదు పెద్దమ్మా. టప్‌మని శబ్దమైంది. వాడి కాలు ఖాళీలోకి పోవడం చూశాను. పడిపోతున్నాడని బెల్టు పట్టుకున్నాను. పైకి లాగాలనుకున్నాను."

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. జారిపోయాడు."

"మరి వంతెన దగ్గర చెప్పలేకపోయావా నాయనా?"

"చెప్పాను. వాళ్ళు 'ఇదేగా ఆ చెయ్యి' అన్నారు. ఇదే అన్నాను."

వదిన ఆ మూటను ముట్టుకోబోయి, నొప్పి పెడుతుందని మానేసి, వాడి మోచేతి దగ్గర రెండు వేళ్ళు ఆనించింది.

"బరువుగా ఉన్నాడా?" అంది.

"చాలా బరువున్నాడు పెద్దమ్మా," అన్నాడు తొలోగోన్, వెక్కి వెక్కి ఏడుస్తూ.

ఏప్రిల్ 10

వదిన ఇంట్లోనే ఉంటున్నాను. మధ్యాహ్నం మా ఇంటివైపు నుంచి ఇనుము మీద ఇనుము పడుతున్న మోత మొదలైంది. సమ్మెట. పోత ఇనుము వంగదు, ఒక్కసారే పగులుతుంది. బల్ల పోయిన శబ్దం, ఆ తర్వాత స్తంభం పోయిన శబ్దం గుర్తుపట్టాను.

"వెళ్తావా?" అంది వదిన.

"లేదు," అన్నాను. పిండి కలుపుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 11

పొద్దున వెళ్ళాను. ముక్కల మధ్య కూర్చుని ఉన్నాడు. నేలంతా నూనె. చేతులు కోసుకుపోయాయి. మొహం మీద కొరడా చారలు చీము పట్టాయి.

"పాడు మర. పీడ వదిలిపోయింది," అన్నాడు. "ఇంక ఇంటికి రా బూరుల్. కట్టు కట్టు."

కట్టు కట్టాను. కుక్కకైనా కడతాం. కడుతూ చెప్పాను: "తొలోగోన్ తల్లి పోలీసులకు చెప్పింది. వంతెన దగ్గర జరిగింది నువ్వు నూడిల్స్ తింటూ నాకు చెప్పావు, అదే నేనూ వెళ్ళి చెప్పాను. వాళ్ళు వచ్చేలోగా నువ్వే వెళ్ళు."

నా గొంతు పట్టుకున్నాడు. కట్టిన కట్టులోంచి రక్తం ఊరి నా మెడకు అంటింది. పక్కన నేల మీద పడి ఉన్న చక్రం పిడి నా చేతికి దొరికింది. ఎత్తి వాడి చెంప ఎముక మీద కొట్టాను. ఒక్కటే. వాడు వెనక్కి కూలబడి, మొదటిసారి చూసినట్టు నన్ను చూశాడు. రెండో దెబ్బ కూడా వెయ్యాలనిపించింది. ఎంత వెయ్యాలనిపించిందో ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

పిడి పట్టుకునే నిలబడ్డాను. వాడు లేచి, కోటు వేసుకుని, పోలీసు స్టేషన్ వైపు వెళ్ళే రోడ్డు పట్టుకుని నడిచాడు. సందులో మగవాళ్ళు కనపడ్డారు. ఎవరూ పలకరించలేదు.

వదిన వాకిట్లోకి వచ్చి ఎదురుచూస్తోంది. నా మెడ మీది రక్తం చూసి, "నీదా, వాడిదా?" అంది.

"వాడిది."

తన తలగుడ్డ కొస తడిపి తుడిచింది. లోపలికి తీసుకెళ్ళి గిన్నె నిండా సూపు పోసింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. డొక్క నొప్పి పెడుతున్నా, రెండో గిన్నె కూడా అడిగి తిన్నాను.